రోమియో జూలియట్: ఏ సీను దగ్గర కథ అడ్డం తిరిగింది? (సీన్లవారీ చర్చ)

#1 – తెరవెనుక

ఈ నాటకం మీద మనవాళ్లు ఏం రాసినా బాల్కనీ దగ్గర ఎక్కి సమాధి దగ్గర దిగుతారు. మధ్యలో కథను నిజంగా నడిపించే సీన్లు నాలుగైదున్నాయి, వాటి జోలికి ఎవరూ పోరు. ఇక్కడ వాటిని ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

నా వాదన ముందే పెడతాను, కాదనేవాళ్లకు వీలుగా ఉంటుంది. ఇందులో మనుషుల్ని చంపేది పగ కంటే తొందర. షేక్‌స్పియర్‌కు కథ అందించిన ఆర్థర్ బ్రూక్ కావ్యంలో (1562) ఇదంతా నెలల తరబడి సాగుతుంది. పెళ్లయ్యాక ఆ జంట వారాలపాటు రహస్యంగా కలుసుకుంటూనే ఉంటుంది. షేక్‌స్పియర్ దాన్నంతా పట్టుకుని అయిదు రోజుల్లో కుక్కాడు. బ్రూక్ దగ్గర పదహారుకు చేరువలో ఉన్న పిల్లను పద్నాలుగు నిండని పిల్లగా చేశాడు.

ముందు తారీఖుల లెక్క చూసుకోండి, నాటకంలోనే దొరుకుతుంది. ఆదివారం ఉదయం తొమ్మిది కొట్టేసరికి వెరోనా వీధిలో మాంటెగ్యూలకు (రోమియో ఇంటివాళ్లు), కాపులెట్లకు (జూలియట్ ఇంటివాళ్లు) కొట్లాట ముగిసింది. ఆ రాత్రే విందు, ఆ తర్వాత తోట సీను. సోమవారం తొమ్మిదికి దాదిని పంపితే పన్నెండుకు తిరిగొచ్చింది. మధ్యాహ్నం పెళ్లి. పెళ్లయిన గంటకల్లా రోమియో స్నేహితుడు మెర్క్యూషియో, జూలియట్ దగ్గరి బంధువు టిబాల్ట్ ఇద్దరూ పోయారు. ఆ రాత్రి మేడ మీద కొత్త దంపతులుంటే, కింద జూలియట్ తండ్రి కాపులెట్ కూతురికి పారిస్ అనే వేరే సంబంధం ఖాయం చేస్తున్నాడు. మంగళవారం తెల్లారి వీడ్కోలు, పగలు గొడవ, రాత్రి జూలియట్ చచ్చినట్టు పడి ఉండే మందు తాగడం. బుధవారం ‘శవం’ బయటపడింది. ఆ తర్వాత లెక్క ఎక్కడ తేలుతుందో అదే పెద్ద పేచీ, దాని దగ్గరకు తర్వాత వద్దాం.

సీను తీసుకున్నవాళ్లు మూడు సంగతులు తప్పకుండా రాయండి: మొదలయ్యేసరికి ఎవరికేం తెలుసు, ముగిసేసరికి ఎవరికేం తెలియకుండా మిగిలింది, అప్పుడు టైమెంత. భావుకత ఆ తర్వాత.

#2 – కలువరేకు

చర్చ మొదలుపెట్టినందుకు థాంక్సండీ. ఒక సందేహం. పరీక్షల్లో ఎప్పుడూ వచ్చే ప్రశ్న ‘ఇది విధి వల్ల జరిగిన విషాదమా, పాత్రల స్వభావం వల్ల జరిగినదా’ అని. ప్రోలాగ్‌లోనే (నాటకం మొదట్లో వచ్చే పద్యం) నక్షత్రాలు కలిసిరాని ప్రేమికులని చెప్పేశాడు కాబట్టి విధి అని రాసేయడమేనా? ఇంకొకటి, గైడ్లలో పంక్తుల నంబర్లు ఒకదాంతో ఒకటి కలవడం లేదు. దేన్ని నమ్మాలి?

#3 – నిఘంటుపురుగు

కలువరేకు గారూ, రెండో ప్రశ్న సులువు కాబట్టి ముందు అది.

నాటకం మొదట 1597లో అచ్చయింది. అది కురచ ప్రతి. 1599లో ‘సరిదిద్ది, పెంచిన’ ప్రతి అంటూ రెండోది వచ్చింది. ఇప్పుడు మనం చదివేవాటికి ఎక్కువగా ఇదే ఆధారం. షేక్‌స్పియర్ నాటకాల సంపుటం 1623 ఫోలియోలోనూ ఉంది కానీ అందులో మొదటి ప్రోలాగ్ లేదు. గద్యభాగాల్లో పంక్తి ఎక్కడ విరుగుతుందో ఒక్కో సంపాదకుడు ఒక్కోలా లెక్కేస్తాడు. రెండో అంకంలో సీను ఎక్కడ తెగుతుందన్న దాని మీద కూడా తేడాలున్నాయి. అందుకే పరీక్షలో అంకం, సీను నంబరు, మాట ఎవరిది అన్నవి రాయండి. పంక్తి నంబరు వేస్తే ఏ ప్రచురణో చెప్పి వేయండి.

1597 ప్రతిని తేలిగ్గా తీసిపారేయకండి. మాటలు తక్కువే కానీ రంగసూచనలు బంగారం. 3.1లో (మూడో అంకం, మొదటి సీను) రోమియో చేతి కింద నుంచి టిబాల్ట్ మెర్క్యూషియోను పొడిచి పారిపోయాడని స్పష్టంగా చెప్పేది అదే. 1599 ప్రతి అక్కడ టిబాల్ట్ వెళ్లిపోయాడని మాత్రం అంటుంది. 3.3లో రోమియో తనను తాను పొడుచుకోబోతే దాది బాకు లాక్కున్నదని రాసిందీ, 4.3లో జూలియట్ తెరల లోపల మంచం మీద పడిపోయిందని రాసిందీ అదే.

ఇక విధి సంగతి. ప్రోలాగ్ ఒక సానెట్, అంటే ప్రాసలతో కట్టిన 14 పంక్తుల పద్యం. అందులో నక్షత్రాలు ఉన్నాయి నిజమే. కానీ అదే సానెట్ తల్లిదండ్రుల పగ గురించి అంతకంటే ఎక్కువసార్లు మాట్లాడుతుంది. పైగా ముగింపు ముందే చెప్పేయడం వల్ల ప్రేక్షకుడు ‘ఏమవుతుంది’ అన్నది వదిలేసి ‘ఎలా అవుతుంది’ అని చూస్తాడు. జవాబు అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. ప్రతి మలుపులోనూ ఒక మనిషి తీసుకున్న నిర్ణయం ఒకటుంటుంది. దాన్ని చూపించి, విధి ఎంత, మనిషి ఎంత అని అక్కడికక్కడ తేల్చండి. పేజీ చివర ‘రెండూ కారణమే’ అని రాస్తే సగం మార్కులే.

#4 – అంకం_దృశ్యం

నేను 1.5 తీసుకుంటున్నాను, విందు సీను.

అందరూ చేతులు కలపడం, ముద్దు గురించి రాస్తారు. దానికి సరిగ్గా ముందు ఏముందో చూడండి. రోమియో గొంతు విని టిబాల్ట్ గుర్తుపట్టాడు, కత్తి తెమ్మన్నాడు. కాపులెట్ అడ్డుపడి, ఆ కుర్రాడికి ఊళ్లో మంచి పేరుంది, నా ఇంట్లో గొడవ చేస్తే ఊరుకోను అని నలుగురిలో చీవాట్లు పెట్టాడు. టిబాల్ట్ ఈ తీపి చేదుగా మారుతుందని ప్రాసతో శపించి వెళ్లిపోయాడు. ఆ మాట ముగిసిన మరుక్షణం రోమియో జూలియట్ చెయ్యి పట్టుకుంటాడు. మధ్యలో ఒక్క పంక్తి ఖాళీ లేదు. మెర్క్యూషియో చావుకు విత్తనం పడింది ఈ సీనులోనే. కాపులెట్ తిట్టిన తిట్టే మర్నాడు టిబాల్ట్‌ను వీధిలోకి తోసింది.

ఇక ఆ సంభాషణ నిర్మాణం. వాళ్ల మొదటి 14 పంక్తులు కలిపితే ఒక పూర్తి సానెట్. పంపకం ఇలా ఉంది: రోమియోకు నాలుగు, జూలియట్‌కు నాలుగు, తర్వాత అతనిది ఒకటి, ఆమెది ఒకటి, అతనివి రెండు, ఆమెది ఒకటి, అతనిది ఒకటి. చివరి పంక్తికి ముద్దు. అతను యాత్రికుడినంటే ఆమె దేవతామూర్తిగా జవాబిస్తుంది, అతను ఎత్తుకున్న ప్రాసను ఆమె అందుకుంటుంది. అంతకుముందు తను ప్రేమించిన రోజలిన్ కోసం ఒక్కడే కూర్చుని నిప్పు-మంచు అంటూ విరుద్ధాలు పేర్చిన రోమియోకు మొదటిసారి ఎదుటి నుంచి పంక్తి తిరిగొచ్చింది.

వెంటనే రెండో సానెట్ మొదలవుతుంది. నాలుగు పంక్తులు అవుతాయో లేదో దాది వచ్చి ‘మీ అమ్మగారు పిలుస్తున్నారు’ అంటుంది. అక్కడికి తెగిపోతుంది. ఆ తర్వాత నాటకంలో వాళ్లిద్దరికీ ఇంకో పూర్తి సానెట్ దక్కదు. రంగం మీద ఈ సీను చేసేవాళ్లు ఈ తెగడం వినిపించేలా చేయాలి. సంగీతం గట్టిగా పెట్టి ముద్దు దగ్గర లైట్లు ఎర్రగా మార్చేస్తే ఇదంతా గాలికి పోతుంది.

ఇంకో చిన్నది: పేరు తెలుసుకోవడానికి జూలియట్ నేరుగా రోమియోను చూపించదు. ముందు ఇద్దర్ని చూపించి ‘అతనెవరు, ఇతనెవరు’ అని అడిగి, మూడోవాడిగా అతన్ని అడుగుతుంది. పద్నాలుగు నిండని పిల్లకు అప్పటికే దాది దగ్గర దాచడం వచ్చేసింది.

#5 – వెరోనావీధి

> మనుషుల్ని చంపేది పగ కంటే తొందర

తెరవెనుక గారూ, ఇది మరీ ఏకపక్షం. 1.1లో ఇద్దరు నౌకర్లు బొటనవేలు కొరికి చూపించడం దగ్గర మొదలై వెరోనా ఏలిక ప్రిన్స్ దిగొచ్చేదాకా సాగిన కొట్లాట తొందర వల్లనా? ‘అవునంటే చట్టం మన వైపే ఉంటుందా’ అని కొట్లాటకు ముందు పక్కవాణ్ణి చెవిలో అడిగి మరీ కయ్యం పెట్టుకుంటారు. అదీ పగ అలవాటుగా మారడమంటే. ఎందుకు మొదలైందో నాటకం ఎక్కడా చెప్పదు, ఎవరూ అడగరు. ముసలి కాపులెట్ పొడవాటి కత్తి తెమ్మని అరిస్తే, పెళ్లాం ‘నీకు కావాల్సింది చంకకర్ర’ అంటుంది. ఆ వయసులోనూ అంతే.

బాల్కనీ గురించి కూడా ఒక మాట. మూలంలో ఉన్నది కిటికీ మాత్రమే. వెరోనాలో జనం కింద నిలబడి ఫొటోలు తీసుకునే ఆ బాల్కనీ ఇరవయ్యో శతాబ్దంలో ఆ పాత ఇంటికి అతికించినది. దాన్ని చూసి సీను అర్థం చేసుకోవాలనుకుంటే కష్టం.

#6 – తెరవెనుక

వెరోనావీధి గారూ, పగ మందుగుండు. అది ఏళ్ల తరబడి అక్కడే పడి ఉంది. ఈ అయిదు రోజుల్లోనే ఎందుకు పేలిందన్నది నా ప్రశ్న.

2.2 తీసుకోండి. ప్రేమ కబుర్లంటారు గానీ అందులో సగం పెళ్లి ఏర్పాట్లే. తను చీకట్లో ఒంటరిగా అనుకున్న మాటలు అతను వినేశాడని జూలియట్‌కు తెలుస్తుంది. ఇక బెట్టు చేసే అవకాశం పోయింది. మామూలుగా వారాలు పట్టే దశ రెండు నిమిషాల్లో దాటేశారు. ఆమెకు ఆ భయం ఉంది కూడా. మరీ ఆలోచన లేకుండా, మరీ హఠాత్తుగా, మెరుపులా జరుగుతోందని తనే అంటుంది. అతను చంద్రుడి మీద ఒట్టు వేయబోతే, రోజుకో రూపం మార్చేదాని మీద వద్దంటుంది. అయినా పెళ్లి మాట ఎత్తేది ఆమే. రేపు మనిషిని పంపుతాను, ఎక్కడ, ఎన్ని గంటలకో చెప్పి పంపు అంటుంది. మనిషిని ఎన్నింటికి పంపాలని అడిగితే తొమ్మిదికని అతను చెప్పాడు.

అతను ఉపమానాలు చెబుతుంటే ఆమె వివరాలు అడుగుతుంది: ఎలా వచ్చావు, గోడ ఎత్తుగా ఉంది కదా, మావాళ్లు చూస్తే చంపేస్తారు. ఈ సీనులో నటికి సగం పని ఇంటి లోపలి నుంచి దాది పిలుపు వినిపించిన ప్రతిసారీ తల తిప్పడమే. అది లేకుండా చేస్తే పాటల సీనులా తేలిపోతుంది.

#7 – పాతకర్టెన్

3.1 నాకు వదిలేయండి. కత్తియుద్ధం ఎలా కూర్చాలన్న దాంట్లోనే విశ్లేషణంతా ఉంది.

పొద్దెక్కింది, ఎండగా ఉంది, కాపులెట్లు బయట తిరుగుతున్నారు, ఇంటికి పోదాం పద అని రోమియో చుట్టం బెన్వోలియో మొదటి మాటే అంటాడు. మెర్క్యూషియో వినడు. టిబాల్ట్ వచ్చింది రోమియో కోసం. రోమియో అప్పుడే పెళ్లి చేసుకుని వస్తున్నాడు, అంటే టిబాల్ట్ ఇప్పుడు బావమరిది వరస. ఆ సంగతి రంగం మీద రోమియోకు తప్ప ఎవరికీ తెలియదు, ప్రేక్షకులకు తెలుసు. అతను మెత్తగా మాట్లాడితే టిబాల్ట్‌కు వెటకారంగా, మెర్క్యూషియోకు పిరికితనంగా వినిపిస్తుంది. కత్తి మొదట దూసేది మెర్క్యూషియో.

కూర్పు: కత్తులు రెండూ ప్రేక్షకులకు అడ్డంగా ఉండాలి, ఎదురుగా కాదు. రోమియో రంగం వెనుక భాగం నుంచి ముందుకు వస్తూ ఇద్దరి మధ్య చెయ్యి చాస్తాడు. వీపు సగం జనం వైపు. మెర్క్యూషియో రోమియో మీదుగా చూస్తూ ఒక క్షణం కత్తి దించుతాడు. టిబాల్ట్ పోటు ఆ చాచిన చేతి కింద నుంచి రావాలి. అది హాల్లో అందరికీ కనపడాలి, రోమియోకు కనపడకూడదు. చాలామంది రోమియోను ప్రేక్షకులకు ముఖం పెట్టి నిలబెడతారు. అప్పుడు పోటు అతని ఒంటి వెనుక దాక్కుంటుంది, ‘మధ్యలోకి ఎందుకొచ్చావు, నీ చేతి కింద నుంచే పొడిచాడు’ అన్న మాట జనానికి అందదు. మొత్తం నాటకంలో అంతకంటే బరువైన నింద లేదు.

పోటు తర్వాత ఇంకో ప్రమాదం. నటుడు వెంటనే నెత్తురు కక్కుతూ కూలిపోతాడు. అలా చేయకూడదు. గీరుకుపోయిందంటాడు, పిల్లాణ్ణి వైద్యుడి కోసం పంపిస్తాడు, బావి అంత లోతు లేదు, చర్చి తలుపంత వెడల్పూ లేదు అని జోకులేస్తాడు. పక్కవాళ్లు నవ్వే స్థితిలోనే ఉండాలి. మీ రెండిళ్లకూ ప్లేగు రావాలన్న శాపం రెండోసారి పెట్టేటప్పటికి మొహాలు మారాలి. అతను రంగం మీద చనిపోడు, బెన్వోలియో మోసుకుపోతాడు, కొన్ని పంక్తుల తర్వాత ఒంటరిగా తిరిగొచ్చి చెబుతాడు. ఆ ఖాళీలో రోమియో ఒక్కడే మిగులుతాడు. టిబాల్ట్ తిరిగి రావడం, రోమియో అతన్ని చంపడం వేగంగా అయిపోవాలి. మొదటి పోరు ఆటలా సాగితే, రెండోది అయిదారు దెబ్బల్లో ముగియాలి. రెండూ ఒకే పొడుగు పెడితే జనం ఆవలిస్తారు.

#8 – కలువరేకు

బెన్వోలియో ప్రిన్స్‌కు ఇచ్చిన సాక్ష్యం నిజాయితీగా ఉన్నట్టేనా? మా నోట్సులో ‘నిష్పక్షపాతి’ అని ఉంది.

#9 – వెరోనావీధి

నోట్సు మార్చుకోండి. మెర్క్యూషియో ముందు కవ్వించి కత్తి దూశాడన్నది బెన్వోలియో మింగేశాడు. రోమియో శాంతంగా మాట్లాడాడన్నది నిజం, అది గట్టిగా చెప్పాడు. అటు జూలియట్ తల్లి లేడీ కాపులెట్ ఇరవైమంది కలిసి ఒక్కణ్ణి చంపారంటుంది, అది పచ్చి అబద్ధం. ఇద్దరూ తమవాళ్ల కోసమే మాట్లాడారు. 1.1లో ఇంకోసారి వీధిలో గొడవైతే ప్రాణాలు తీస్తానన్న ప్రిన్స్, టిబాల్ట్ ముందు మెర్క్యూషియోను చంపాడు గనక మరణశిక్ష తీసేసి బహిష్కారం వేశాడు. తెరవెనుక గారు ఒప్పుకున్నా లేకపోయినా ఇది పగ పుట్టించిన తీర్పే.

#10 – మందారమాల

మగవాళ్ల కత్తులయ్యాయి కదా, 3.4, 3.5 చూద్దాం. నా లెక్కలో కథ అడ్డం తిరిగింది ఇక్కడ.

3.4 నలభై పంక్తులు కూడా లేని సీను. ఎవరూ పట్టించుకోరు. రాత్రి పొద్దుపోయింది. కాపులెట్ పారిస్‌తో, అమ్మాయి నా మాట వింటుందనుకుంటా, బుధవారం పెళ్లి, ఈ రోజు ఏ వారం? సోమవారమా, అయితే బుధవారం మరీ దగ్గర, గురువారం పెట్టుకుందాం అంటాడు. 1.2లో ఇదే మనిషి పారిస్‌తో ఇంకో రెండు వేసవులు పోనీ, ముందు ఆమె మనసు గెలుచుకో, నా ఇష్టం ఆమె ఒప్పుదలలో ఒక భాగమే అన్నాడు. మధ్యలో గడిచింది ఒకటిన్నర రోజు. టిబాల్ట్ చావు ఇంటి పెద్దను భయపెట్టింది, ఆ భయాన్ని పెళ్లితో కప్పాలనుకున్నాడు. అతను ఈ లెక్కలు వేస్తున్నప్పుడు పై గదిలో జూలియట్ రోమియోతో ఉంది. రంగం రెండంతస్తులుగా వేసుకునే వీలుంటే కింద దీపం, పైన చీకటి పెట్టండి, ఒక్క మాట అదనంగా చెప్పక్కర్లేదు.

3.5లో భరతపక్షి కూసిందా (అంటే తెల్లారింది), నైటింగేల్ కూసిందా (అంటే ఇంకా రాత్రే) అన్న వాదన అందరికీ తెలుసు. నేను చెప్పేది దాని తర్వాత తల్లితో మాట్లాడే భాగం. టిబాల్ట్ కోసం ఏడుస్తోందని తల్లి అనుకుంటుంది. జూలియట్ ప్రతి వాక్యమూ రెండు అర్థాలొచ్చేలా కడుతుంది. రోమియోను చూసేదాకా నాకు తృప్తి లేదు అని ఆగి, ‘చచ్చిన’ అన్న మాటను అటు రోమియోకూ ఇటు తన గుండెకూ తగిలేలా మధ్యలో పెడుతుంది. నటి ఇక్కడ జనం వైపు కన్నుగీటినట్టు చేస్తే పాడైపోతుంది. తల్లి ముందు అబద్ధం ఆడకుండా తప్పించుకునే ప్రయాస అది.

తండ్రి వచ్చాక తిట్లు మామూలువి కావు. పొమ్మంటాడు, అడుక్కుతినమంటాడు, వీధిలో చావమంటాడు, చేతులు దురదపెడుతున్నాయంటాడు. తల్లి ‘నాతో మాట్లాడకు’ అని వెళ్లిపోతుంది. మిగిలింది పాలిచ్చి పెంచిన దాది. ఆమె చల్లగా, పారిస్‌నే చేసుకో, రోమియో ఉన్నా లేనట్టే, ఇతని ముందు అతనెంత అంటుంది. నిజంగా మనసులోంచి అంటున్నావా అని జూలియట్ అడుగుతుంది. అవునంటే ‘ఆమెన్’ అని ఊరుకుంటుంది. ఆ పూట తర్వాత ఆ ఇంట్లో ఆమె ఎవరితోనూ నిజం చెప్పదు.

#11 – అంకం_దృశ్యం

మందారమాల గారు చెప్పినదానికి కొనసాగింపు 4.1, 4.2. వాళ్లకు పెళ్లి చేసిన సన్యాసి ఫ్రయర్ లారెన్స్ జూలియట్‌కు చెప్పిన పథకాన్ని ఒకసారి కాగితం మీద పెట్టి చూడండి.

ఆ రోజు మంగళవారం. ఇంటికి పో, సంతోషంగా ఉండు, పెళ్లికి ఒప్పుకో. రేపు, బుధవారం రాత్రి ఒంటరిగా పడుకుని ఈ సీసా తాగు. నాడి ఆగుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, 42 గంటలు అలా ఉంటావు. గురువారం పొద్దున పెళ్లికొడుకు వచ్చేసరికి శవంగా కనిపిస్తావు. మొహం కప్పకుండా కుటుంబ సమాధికి తీసుకుపోతారు. ఈలోగా రోమియోకు ఉత్తరం పంపిస్తాను, ఇద్దరం నువ్వు లేచేసరికి అక్కడుంటాం.

ఇందులో రెండు చోట్ల తెగింది.

మొదటిది జూలియట్ నటన. 4.2లో ఇంటికొచ్చి మోకాళ్ల మీద పడి ఇకపై మీ మాటే నా మాట అంటుంది. అంత బాగా చేసింది గనక కాపులెట్ పొంగిపోయి, అయితే రేపు పొద్దున్నే ముడి వేయించేస్తానంటాడు. తల్లి వద్దంటుంది, గురువారం దాకా టైముంది, సరుకులు చాలవు, చీకటి పడుతోంది అంటుంది. వినడు. దాంతో మందు ఒక రోజు ముందు, మంగళవారం రాత్రే తాగాల్సి వచ్చింది. ఉత్తరానికి ఒక రోజు తగ్గిపోయింది.

రెండోది ఇంతకంటే ముఖ్యం, ఎవరూ రాయరు. 3.3లో ఫ్రయర్ రోమియోతో ఏమన్నాడు? మాంటువా ఊళ్లో ఉండు, నీ మనిషి ద్వారా ఎప్పటికప్పుడు కబురు పంపుతుంటాను అన్నాడు. నీ మనిషి అంటే బాల్తజార్. తీరా 4.1లో ఆ దారి వదిలేసి ఇంకో సన్యాసి చేత ఉత్తరం పంపుతానన్నాడు. ఆ మార్పు బాల్తజార్‌కు ఎవరూ చెప్పలేదు. కొత్త దూత ఫ్రయర్ జాన్, తోడు కోసం ఇంకో సన్యాసిని వెతుక్కుంటూ రోగుల్ని చూసే ఇంటికి వెళ్తే, ఊరి అధికారులు ప్లేగు అనుమానంతో తలుపులు బిగించేశారు. వెరోనా దాటలేదు. పాత దూత బాల్తజార్ మాత్రం తన కళ్లతో శవాన్ని సమాధిలో పెట్టడం చూసి గుర్రమెక్కాడు. తప్పు కబురు చేరింది, అసలు కబురు చేరలేదు. మెర్క్యూషియో రెండిళ్లకూ ప్లేగు రావాలని శపించాడు కదా, అది ఇలా తగిలింది.

5.1లో రోమియో రెండుసార్లు అడుగుతాడు: ఫ్రయర్ ఉత్తరమేమైనా తెచ్చావా అని మొదట్లోనే, ఫ్రయర్ ఉత్తరాలేం లేవా అని మళ్లీ. లేదనగానే ‘పోనీలే’ అంటాడు. ఎలా పోయింది, ఏం జబ్బు అని ఒక్క ప్రశ్న వేయడు. విధి, స్వభావం అని అడిగిన కలువరేకు గారికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. ప్లేగు తలుపు విధి. ‘పోనీలే’ రోమియో.

#12 – నిఘంటుపురుగు

ఇక 42 గంటల పేచీ. 4.3లో మందు తాగింది. 4.4లో మూడు కొట్టిందని కాపులెట్ అంటాడు, అంటే అప్పటికే తాగేసింది. బుధవారం తెల్లవారుజాము మూడు నుంచి లెక్కేసినా గురువారం రాత్రి తొమ్మిదికి లేవాలి. కొంచెం ముందే తాగిందనుకుంటే గురువారం సాయంత్రానికే. కానీ సమాధి సీను ముగిసేసరికి తెల్లవారుతోంది, పొద్దున్నే నిద్ర లేపారని ప్రిన్స్ అంటాడు. గురువారం తెల్లవారుజామైతే ముప్పై గంటలు కూడా కాలేదు, శుక్రవారమైతే యాభై దాటింది. కాపలావాడు రెండు రోజులుగా ఇక్కడే ఉందంటాడు కాబట్టి శుక్రవారం వైపే మొగ్గు.

#13 – పాతకర్టెన్

నాటకం చూసేవాడు వేళ్ల మీద గంటలు లెక్కపెట్టడు. ‘42’ అని అంకె చెబితే ఫ్రయర్‌కు తన పని తెలుసన్న నమ్మకం వస్తుంది, అంతవరకే దాని పని.

#14 – నిఘంటుపురుగు

అయితే కలువరేకు గారు పరీక్షలో అంకె రాసేటప్పుడు ‘గురువారం తెల్లవారుజామున లేచింది’ అని గుడ్డిగా రాయకూడదు, నేననేది అదే. 5.2లో ఇంకో మూడు గంటల్లో లేస్తుందని ఫ్రయర్ అంటాడు. దాన్ని పట్టుకోండి చాలు.

#15 – మందారమాల

4.3 స్వగతం ఒక్కసారి. సీసా పట్టుకుని వరసగా భయాలు. పనిచేయకపోతే? అందుకు కత్తి పక్కన పెట్టుకుంటుంది. పెళ్లి చేసిన గుట్టు బయటపడకుండా ఫ్రయర్ విషమే ఇచ్చాడేమో? కాదులే, మంచివాడు. రోమియో రాకముందే మెలకువ వస్తే, ఆ గదిలో ఊపిరాడక చస్తే? బతికున్నా పిచ్చెక్కితే? అక్కడ పూర్వీకుల ఎముకలు, నెత్తుటి గుడ్డల్లో పచ్చి శవంగా టిబాల్ట్. మొదటివి వాదనలు, ఒక్కోదానికి జవాబు చెప్పుకుంటుంది. సమాధి దగ్గరకొచ్చేసరికి వాక్యం ముగియదు, ఒకదాని మీద ఒకటి పడుతుంది. చివరికి టిబాల్ట్ దెయ్యం కళ్లకు కనపడుతుంది. తాగేది వాదన గెలిచి కాదు, ఆ దెయ్యం రోమియో వెంట పడుతోందని. మొదటి పంక్తి నుంచే ఏడుపు మొదలుపెట్టే నటికి చివర ఎక్కడానికి మెట్టు మిగలదు.

#16 – పాతకర్టెన్

5.3కి వస్తువుల జాబితా అడిగారు ఇంతకుముందు ఎవరో వేరే చర్చలో. మూలంలో ఉన్నవి చెబుతున్నాను, ఒక్కటి మరిచినా సీను ఆగిపోతుంది.

పారిస్ చేతిలో పూలు, పన్నీరు. పిల్లాడి చేతిలో దివిటీ. రోమియోకు దివిటీ, గునపం, తలుపు పెకలించే ఇనుపకడ్డీ, తండ్రికి రాసిన ఉత్తరం (బాల్తజార్‌కు ఇచ్చేయాలి), విషం. దానికి ఇచ్చింది 40 డకట్లు (బంగారు నాణేలు). మాంటువాలో అది అమ్మితే మరణశిక్ష, మందులవాడు ఒప్పుకున్నది పేదరికం వల్ల. ఫ్రయర్‌కు లాంతరు, కడ్డీ, పార. సమాధిలో ముందే టిబాల్ట్ శరీరం ఉండాలి, రోమియో దానితో మాట్లాడతాడు. పారిస్ శరీరాన్ని కూడా రోమియోనే లోపలికి లాగుతాడు. లావుపాటి పారిస్‌ను ఎంచుకోకండి.

బాకు సంగతి జాగ్రత్త. జూలియట్ పొడుచుకునేది రోమియో బాకుతో. ఖాళీ ఒర రోమియో వీపున ఉందని, బాకు దారి తప్పి నా కూతురి గుండెలో దిగిందని తర్వాత కాపులెట్ అంటాడు. అందుకని విషం తాగి పడేటప్పుడు రోమియో ఒర ఆమె చేతికి అందే వైపు ఉండాలి. వెల్లకిలా పడితే ఆమె వెతుక్కోవాలి, జనం నవ్వుతారు. ఆమెకు దొరికిన సమయం పది పదకొండు పంక్తులు. కప్పు చూడాలి, ఒక్క చుక్కైనా మిగల్చలేదని నిష్ఠూరం ఆడాలి, పెదవి ముద్దాడి ఇంకా వెచ్చగా ఉందని గమనించాలి, బయట చప్పుడు వినాలి, బాకు లాగాలి.

#17 – కలువరేకు

రోమియో ఆమె బుగ్గల్లో, పెదాల్లో ఎరుపు ఇంకా ఉందంటాడు కదా. అయినా అనుమానం రాలేదంటే నమ్మేలా లేదు. చివర ఇద్దరూ ఒకసారి మాట్లాడుకునేలా పెట్టి ఉంటే బాగుండేది అనిపిస్తుంది.

#18 – వెరోనావీధి

అలా పెట్టినవాళ్లున్నారు. కథ పాత ఇటాలియన్ రూపంలోనే ఆమె అతను చావకముందు లేస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో డేవిడ్ గారిక్ లండన్‌లో అదే పద్ధతిలో ఆడించాడు, దశాబ్దాలపాటు జనం దాన్నే చూశారు. కన్నీళ్లు ఎక్కువే వచ్చి ఉంటాయి. షేక్‌స్పియర్ కావాలనే దాన్ని వదిలేశాడు. ఇద్దరికీ చివరి మాట దక్కదు. ఆ ఎరుపు పంక్తులు పెట్టింది ప్రేక్షకుణ్ణి కుర్చీలోంచి లేపడానికి.

మన దగ్గర సంస్కృత నాటక మర్యాద చావును రంగం మీదకు రానివ్వలేదు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా బళ్లారి ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి విషాద సారంగధరను చెబుతారు. ఇక్కడ నాలుగు చావులు జనం ముందే. టిబాల్ట్, పారిస్, రోమియో, జూలియట్. మెర్క్యూషియో, రోమియో తల్లి లేడీ మాంటెగ్యూ మాత్రం తెర వెనుక.

#19 – అంకం_దృశ్యం

ఫ్రయర్ పారిపోవడం గురించి ఎవరూ అనలేదు. కాపలావాళ్ల అలికిడి విని, రా, నిన్ను సన్యాసినుల దగ్గర చేర్పిస్తాను అంటాడు. ఆమె కదలకపోతే ఇక ఉండలేనని వెళ్లిపోతాడు. ఆమెను అక్కడ ఒంటరిగా వదిలేస్తాడు. పథకం వేసినవాడు చివరి రెండు నిమిషాలు నిలబడలేదు.

#20 – కలువరేకు

చివర్లో ఫ్రయర్ కథంతా మళ్లీ చెప్పే నలభై పంక్తులు ప్రదర్శనల్లో కోసేస్తారని విన్నాను. కోసేయొచ్చా?

#21 – తెరవెనుక

కోసేస్తారు, తప్పు. ప్రేక్షకులకు తెలుసు గానీ రంగం మీద రెండు కుటుంబాలకూ ఇదే మొదటిసారి వినడం. మొదటి పోస్టులో అడిగిన ప్రశ్న గుర్తు చేసుకోండి: ఎవరికేం తెలియదు? కూతురికి పెళ్లయిందని కాపులెట్‌కు ఇప్పుడే తెలుస్తోంది. తను బలవంతం చేసిన పెళ్లి అప్పటికే పెళ్లయిన పిల్లకని ఆ నిమిషంలోనే తెలుస్తోంది. అప్పుడు లైటు ఫ్రయర్ మీద కాదు, కాపులెట్ మొహం మీద ఉండాలి. పొడుగనిపిస్తే సగానికి తగ్గించండి, పెళ్లి, పారిస్ సంబంధం, ఉత్తరం ఈ మూడూ ఉంచి.

#22 – వెరోనావీధి

ప్రిన్స్ కొందరికి క్షమాపణ, కొందరికి శిక్ష అని వదిలేస్తాడు, పేర్లు చెప్పడు. బ్రూక్ దగ్గర పేర్లున్నాయి: దాదికి బహిష్కారం, మందులవాడికి ఉరి, ఫ్రయర్ ఎక్కడో ఆశ్రమానికి. విషం అమ్మిన పేదవాడికి పడింది ఉరి. బంగారు విగ్రహాలు చేయిస్తామన్న ఇద్దరు పెద్దలకు ఏ శిక్షా లేదు. తెరవెనుక గారూ, ఇది కూడా తొందర ఖాతాలోనే వేస్తారా?

#23 – తెరవెనుక

లేదు. అది మీ ఖాతాలోదే.